ఐరేని కుండలు ఎక్కిన కొరియరు బండి

కుమ్మరోళ్ల ఓదెమ్మ ఉన్నది సూడు, ఆమె చేతి ఐరేని కుండ తొవ్వల పలిగిందని మా దిక్కు ఎవ్వలు అనంగ ఇనలే. ఐరేని అంటే ఎరుకే గద. పెండ్లప్పుడు డప్పులతోని కుమ్మరింటికి పోయి, సున్నం పూసి ఎర్ర జాజుతోని గీతలు గీసిన కుండలు తెచ్చుకుంటం గద, అవి. ఆడోళ్లు నెత్తిమీద పెట్టుకుంటే నలుగురు నాలుగు మూలలు పట్టి మీద బట్ట ఎత్తుతరు. కుమ్మరింట్ల ఎత్తినయ్ మళ్ల పెండ్లి పందిట్లనే దించాలె, నడుమ నేలకు ఆనద్దు. ఓదెమ్మ అమ్మ చేసినయ్ పలగలే, అమ్మమ్మ చేసినయ్ పలగలే. తొవ్వల ఐరేని పలిగితే ఆ పిల్ల సంసారానికి మంచిది గాదంటరు. నిజమో అబద్ధమో నాకు తెల్వదు. నా పెండ్లికి పలగలే, అయినా మా ఆయనతోని దినాం లొల్లే.

ఇగ ఏమైందంటే, ఊర్లె కుండలు కొనేటోళ్లు తక్కువైన్రు. అందరిండ్లల్ల స్టీలే. ఓదెమ్మ కోడలు స్రవంతి డిగ్రీ సదివిన పిల్ల, ఆ పిల్ల ఫోన్లనే దుకాణం తెరిసింది. పెరుగు కుండ, కూర కుండ, ఫోటో దించుడు, ఫోన్ల పెట్టుడు. ఎవలో పట్నపోళ్లు సూసుడు, కొనుడు. మంచిగనే నడిసింది అనుకో. నడుమల నడుమల ఒకటి రెండు తొవ్వల పలిగి, కొన్నోళ్లు పెంకల ఫోటో పెట్టి తిట్టుడు. ఒకాయన అయితే, నేను కుండ అడిగితే లెక్క పెట్టుకోమని ముక్కలు పంపిన్రు అని రాసిండంట. స్రవంతి ఇంకొకటి పంపేది, ఆయన ఊకునేది. కూర కుండ పోతే ఇంకో కూర కుండ, దానికేమున్నది.

గట్ల ఉండంగ ఒకనాడు బొంబాయి దిక్కు భీవండి నుంచి ఫోన్ వచ్చింది. గాజెంగి లసుమవ్వ అంట, సాలోళ్లు. నలభై ఏండ్ల కింద మగ్గాల పనికి ఆడికి పోయి ఆడనే ఉన్నరు. చెల్లే, నా చిన్న మనుమరాలి పెండ్లి ఉన్నది, ఐదు ఐరేని కుండలు కావాలె అన్నది. ఈడ ఐరేని చేసేటోళ్లు లేరు, పెద్ద మనుమరాలి పెండ్లికి స్టీలు బిందెలకు సున్నం పూసి పెట్టిన్రు, పోరగాండ్లందరు పండ్లికిలిచ్చి నవ్విన్రు చెల్లే, నేను పోయేలోపల ఒక్క పెండ్లన్న తీరుగ సూస్త అనుకుంట ముసలామె ఫోన్లనే ఏడ్సింది. ఓదెమ్మ మనసు గట్లాంటిదే, సరే అక్కా పంపిస్త అన్నది. అన్నంక ఫోన్ పెట్టేసి, కోడలి మొకం సూసింది. భీవండి ఏడ, మనమేడ. కోడలికి ఏడో నెల, ఓదెమ్మకు మోకాళ్లు, కొడుకు లారీ మీద ఒడిశా దిక్కు పోయిండు. ఆ భీవండోళ్లకు మగ్గాల కాడ సెలవు లేదంట. మరి పోవాలంటే ఎట్ల పోవాలె, కొరియరు బండి మీదనే పోవాలె.

కూర కుండ పలిగితే ఇంకోటి పంపుతం, ఐరేని పలిగితే ఏం పంపుతం? ఓదెమ్మకు అదే గుబులు. ఈ చేతితోని చేసింది ఆ పిల్ల పెండ్లికి పలిగిపోతే ఇగ నేను మళ్ల ఐరేని ముట్ట అన్నది కోడలితోని. స్రవంతి ఏమన్నదంటే, అత్తమ్మా, జనగామల మూడు కొరియర్లున్నయ్, ఎవలు మంచోళ్లో పరీక్ష పెడదాం అన్నది. ఆ కంపెనీల పేర్లు మూరెడు మూరెడు ఉంటయ్, ఓదెమ్మ నోటికి తిరగలే. వాళ్లేసుకున్న అంగీలను బట్టి నీలమంగీలోళ్లు, ఎర్రంగీలోళ్లు, పసుపంగీలోళ్లు అని పేరు పెట్టింది. ఒక్క ఆముల కాల్చిన మూడు పెరుగు కుండలు తీసి, మూడింటికి ఒక్క తీరుగనే గడ్డి చుట్టి, బట్ట చుట్టి, అట్టపెట్టెల పెట్టి, పెట్టె మీద గిలాస బొమ్మ అతికిచ్చి, ఒక్క నాడే ముగ్గురికిచ్చిన్రు. మూడూ లసుమవ్వ ఇంటికే. అక్కా, వచ్చినంక నువ్వు ఫోన్ దగ్గరవెట్టి ఏలు మడిసి కుండ మీద కొట్టు, నేను ఇంట అన్నది. కుండ మంచిగుందా లేదా కండ్లకు తెల్వదు, చెవికే తెలుస్తది. మంచి కుండ ఖంగుమంటది.

మూడో నాడే నీలమంగీలోళ్లు అందిచ్చిన్రు. బగ్గ జల్దిగ పోయింది అని స్రవంతి చప్పట్లు కొట్టింది. లసుమవ్వ ఫోన్ చేసి, చెల్లే, ఏ దాని మీద కొట్టాలె, పద్నాలుగున్నయ్ అన్నది. ఎర్రంగీలోళ్లది ఏడో నాడు పోయింది. కుండ నిండుగ ఉన్నది, గీత పడలే, గాటు పడలే. లసుమవ్వ కొట్టింది. ఓదెమ్మ చెవి పెట్టి ఇని, మళ్ల కొట్టు అక్కా అన్నది. మళ్ల కొట్టింది. లోపల నెర్రె వచ్చింది అక్కా, నీళ్లు పోసి సూడు అన్నది. లసుమవ్వ పోసింది, మాట్లాడుకుంట మాట్లాడుకుంట, చెల్లే నా కాళ్లు తడుస్తున్నయ్ అన్నది. ఇగ పసుపంగీలోళ్లది. నాలుగో నాడు ఇచ్చేసినం అని ఫోన్ల వచ్చింది, లసుమవ్వనేమో నాకు రాలే అంటది. ముసలామె గల్లీ గల్లీ తిరిగి మూడో గల్లీల ఒక ఇంట్ల దొరకవట్టింది. వాళ్లు అప్పటికే పెరుగు తోడేసిన్రంట. కొట్టి సూస్తనంటే తోడు కదులుతదని కొట్టనియ్యలే. పెరుగు గట్టిగ పేరుతున్నది, ఇంకోటి ఉంటే తెప్పియ్యమన్నరంట.

స్రవంతి కాయితం మీద గీతలు గీసి రాసింది. జల్ది పోయినోడు పలగ్గొట్టిండు, పలగ్గొట్టనోడు నెర్రెలు పెట్టిండు, నెర్రెలు పెట్టనోడు పరాయింటికిచ్చిండు. అటు తిప్పి ఇటు తిప్పి సూసింది. ఇంకో కుమ్మరామెకు పనికొస్తదేమో గని మనకైతే ఏం తేల్లే అత్తమ్మా అన్నది. ఓదెమ్మ ఆ కాయితం దిక్కు సూడనే లేదు. పెండ్లి ఇంక పన్నెండు దినాలే ఉన్నది. ఆ పూట ఆమె బువ్వ తినలే, మన్ను తొక్కలే.

తెల్లారి ఓదెమ్మ ఆటో ఎక్కి జనగామ పోయి నీలమంగీలోళ్ల గోదాం ముంగట అరుగు మీద కూసున్నది. కొట్లాటకు పోయిందేమో అనుకునేరు, కాదు, ఊకె సూసుడే. ఆడ సైదులని ఒకాయన, నడీడు మనిషి, బండిలకు డబ్బాలు ఎక్కిస్తున్నడు. ఎక్కిచ్చుడేంది, ఇసురుడే. ఇటుకలు అందిచ్చినట్టు ఒకటెనుక ఒకటి. ఓదెమ్మ అడిగింది, బిడ్డా, గా డబ్బ మీద గిలాస బొమ్మ ఎందుకుంటది? పలిగే సామాను అని అమ్మా. మరి ఇసిరేస్తివి గద బిడ్డా. అమ్మా, చెప్పుల డబ్బకు గదే బొమ్మ, పుస్తకాల డబ్బకు గదే బొమ్మ, నిన్న ఇనుప రాడ్లు వచ్చినయ్, దానికి గూడ గదే బొమ్మ, నేనేమన్న ఇప్పి సూస్తనా అన్నడు. పగటీలి బువ్వయాళ్లకు సైదులు తన బండి కాడికి పోయి సద్దిగిన్నె తీసిండు. రెండు చేతులతోని పట్టి, పులుసు ఒలకకుంట, గోదామంత దాటి తెచ్చి మెల్లగ స్టూలు మీద పెట్టిండు. పొద్దటి సంది డబ్బాలు ఇసిరిన చేతులు అవే. ఓదెమ్మ లేసి చీర దులుపుకొని పోవట్టింది. అమ్మా, ఇంత తినిపో అని సైదులు పిలిసిండు. నా కడుపు నిండింది బిడ్డా అని ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చి సారె తిప్పింది. ఐదు కుండలు చేసింది, ఆరవెట్టింది, కాల్చింది. సున్నం పూసి, జాజుతోని గీతలు గీసి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఒక ఎదురు బద్దల గంపల ఇంత గడ్డేసి ఐదింటిని కుదిరిచ్చి, జారకుంట తాడు కట్టి, సుట్టూ మామిడాకులు చెక్కింది. మూత పెట్టలే, బట్ట కప్పలే. స్రవంతి సూసి లబలబలాడింది. అత్తమ్మా, నీకేమన్న పిచ్చి లేసిందా, మూడు పొరలు చుట్టి పంపితేనే పద్నాలుగు ముక్కలైంది! చుట్టినందుకే అయింది, ఊకో అన్నది ఓదెమ్మ. మరి ముగ్గుర్ల ఎవలకిద్దాం? ముగ్గురికీ ఫోన్ చెయ్యి, రేపు పొద్దుగాల ముందు ఎవడొస్తే వానికే. ఇగ ముందుగాల వచ్చింది ఎవలంటే నీలమంగీలోళ్లే, ఆ సైదులే. స్రవంతి మొకం సూడాలె అప్పుడు.

సైదులు బండి దిగి, ఏదమ్మా పార్సిలు అనుకుంట వాకిట్లకొచ్చి గంప సూసి ఆగిండు. వెనుకకు పోయి బూట్లిప్పి వచ్చిండు. అమ్మా, ఇవి ఐరేని గద, డబ్బ లేకుంట తీసుకుంటే మా సారు నా మీదికొస్తడు అన్నడు. సారుకే ఫోన్ చెయ్యి అన్నది ఓదెమ్మ. చేసిండు. సార్, కుండలు సార్, డబ్బ లేదు సార్, అంటే సారు అటు నుంచి ఏమన్నడో గని, సార్, ఐరేని సార్ అన్నడు. సారు ఎవరి పెండ్లి అంట అని అడిగిండు. గంతే. గంప చెవికి చీటి కట్టిన్రు. పందిట్లనే దించాలె, నేలకు ఆనద్దు అని రాసి, భీవండి అడ్రసు, ఓదెమ్మ ఫోన్ నెంబరు వేసింది స్రవంతి. ఓదెమ్మ సైదులు నెత్తిమీదికి ఎత్తింది. పైలం బిడ్డా, ఒక పిల్ల పెండ్లి నీ నెత్తిమీద ఉన్నది అన్నది. ఆయన మెడ తిప్పకుంట సరే అన్నడు.

ఇగ ఫోన్లు సురువైనయ్. సైదులు జనగామ నుంచి చేసిండు, అమ్మా, డ్రైవరు పక్క సీట్ల కూసోవెట్టి బెల్టు పెట్టినం. హైదరాబాద్ గోదాం నుంచి ఒకామె చేసింది, అవ్వా, ఈడ సామాను అంత ఉరికే బెల్టు మీద పోతది, వీటిని దాని మీద పెట్ట బుద్ధి గాలే, చేతుల మీదనే దాటిచ్చినం. జహీరాబాద్ దాటినంక మాట మారింది. సోలాపూర్ నుంచి ఒకాయన ఏందేందో చెప్పిండు, ఓదెమ్మకు హల్దీ కుంకుమ అన్న రెండు మాటలే అర్థమైనయ్. ఎవలు చేసినా ఆమె ఒక్కటే అన్నది, దించకు బిడ్డా. వాళ్లు వాళ్ల భాషల సరే అన్నరు. ఐదు దినాలల్ల ఎనిమిది మంది చేసిన్రు. స్రవంతి ఫోన్లనేమో ఆలస్యం, ఆలస్యం అని ఎర్ర అక్షరాలు వచ్చుడే. ఆరో నాడు ఎవలు చెయ్యలే. పొద్దంత చెయ్యలే. ఓదెమ్మ ఫోన్ ఒళ్లె పెట్టుకొని ఆము పక్కకు కూసున్నది. నా చేతులు కాలిపోను, ఎందుకు ఒప్పుకున్న అని తన్నుతానే తిట్టుకున్నది.

ఆడ ఏమైందంటే, భీవండిల లసుమవ్వ వాళ్లది మూడో అంతస్తు. పగటీలి తలుపు కొడ్తే తీసిన్రు. బనీను మీద ఒక మనిషి, నెత్తిమీద గంప. కంపెనీ నీలమంగీ ఇప్పి చుట్టబట్ట చేసి గంప కింద పెట్టుకున్నడు. చెమటలు కారుతున్నయ్. దా బిడ్డా, ఈడ దించు అన్నది లసుమవ్వ. ఆయన దించలే. ఆయనది ఏదో బీహారు దిక్కంట. పెండ్లిపిల్ల అడిగి చెప్పింది, నానమ్మా, పందిరేది అంటున్నడు. పందిరి ఎల్లుండి గద వేసేది! ఎల్లుండి అయితే నేనెట్ల దించుత అని ఆయన అట్లనే నిలవడ్డడు. ఆ చీటి సదివినవా అని పిల్ల అడిగితే, నాకు ఆ అక్షరాలు రావు, నాకిచ్చినోడు చెప్పిండు, వానికిచ్చినోడు వానికి చెప్పిండంట అన్నడు. ఇగ గత్యంతరం లేదు. మగ్గాల కాడి నుంచి నలుగురు ఉరికొచ్చిన్రు, నాలుగు ఇనుప పైపులు తెచ్చిన్రు, మిద్దె మీద నిలవెట్టి, మీద లసుమవ్వ పెండ్లి నాటి చీర పరిచిన్రు. డప్పులు లేవని ఎవలో స్టీలు తట్ట కొట్టిన్రు. అప్పుడు, ఆ పందిరి కింద ఆయన మోకాళ్ల మీద కూసోని దించిండు. దించి, మెడ పట్టుకొని ఆడనే కూలవడ్డడు. ముసలామె ఆయనకు నీళ్లు తాగిచ్చి, భుజం మీద కొత్త తువ్వాల కప్పింది.

అప్పుడు ఫోన్ చేసింది. కుండకు దగ్గరవెట్టి, ఒకటి కొట్టింది. ఖంగుమన్నది. రెండోది ఖంగుమన్నది. మూడు, నాలుగు, ఐదు. ఓదెమ్మ ఐదూ ఇన్నది. అక్కా, పిల్ల సల్లగుండాలె అన్నది, ఫోన్ కోడలికిచ్చింది, ఆము వెనుకకు పోయి ఏడ్సింది. సంబరానికే లే, గని మస్తు ఏడ్సింది.

ఇగ మీరు అడుగుతరు, అయితే నీలమంగీలోళ్లే మంచోళ్లా అని. నేను గూడ అడిగిన. కంపెనీవాళ్లు ఓదెమ్మ ఫోన్‌కు పంపిన్రంట, మా కొరియరు ఎట్లున్నది, ఐదు చుక్కలల్ల ఎన్ని చుక్కలిస్తవు అని. ఎందరు మోసిన్రు అని ఓదెమ్మ అడిగింది. సైదులు సంది బీహారాయన దాక తొమ్మిది మంది అత్తమ్మా అన్నది స్రవంతి. తొమ్మిది మందికి ఐదు చుక్కలు నేనెట్ల పంచుత, ఎవలకు తక్కువ చేసినా పాపమే, వద్దు తియ్యి అన్నది. ఇయ్యనే లేదు. అందుకే ఫోన్ల తీసి సూడురి, నీలమంగీలోళ్లకు ఇప్పటికీ రెండు చుక్కలే ఉంటయ్. ఆలస్యంగ ఇచ్చిండని ఆ బీహారాయనను సంజాయిషీ గూడ అడిగిన్రంట.