అక్కకు తగిలిన దెబ్బ

మొన్న బాస్కెట్‌బాల్ ఆటలో తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినప్పటి నుంచి అక్క మంచం దిగలేదు. తెరలు వేసిన ఆ గదిలోకి చెల్లెలు సూపు గిన్నెతో వచ్చింది. రావాలని లేదు ఆమెకు.

“...అమ్మ ఇమ్మంది కాబట్టి తెచ్చాను.”

“అక్కడ పెట్టు. ఏంటే ఆ ముఖం?”

“నా ముఖానికేం? నాన్న నీకోసం సెలవు పెట్టాడు. నాకు జ్వరమొస్తే మాత్ర చేతిలో పెట్టి ఆఫీసుకెళ్లాడు.”

“నన్ను కనిపెట్టుకుని ఉండాలని డాక్టరు చెప్పారే. వాంతులైనా, మాట తడబడినా వెంటనే తీసుకురమ్మన్నారు.”

“అవునవును. మహారాణిగారు ఫోను చూడకూడదు, పుస్తకం పట్టకూడదు. నాకూ వస్తే బాగుండు ఇలాంటి జబ్బు.”

“గోడ చూస్తూ పడుకోవడం సరదానా?”

“కోచ్ మేడం రెండుసార్లొచ్చి నీ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ రోజు నాలుగుసార్లు బంతిని బుట్టలో వేసింది నేను. నన్నొక్క మాట అడిగిందా?”

“అది సరే, ఈ టైములో ఇంట్లో ఉన్నావేం? క్లాసుల్లేవా?”

“మధ్యలో వచ్చేశా. అక్కడి లైట్లు కళ్లలో గుచ్చుతున్నాయి. బోర్డు మీద అక్షరాలు కదుల్తున్నాయి.”

“ఎప్పట్నుంచి?”

“నీకెందుకు? నాన్న నీకోసం సెలవు పెట్టాడు, తెలుసా? నాకు జ్వరమొస్తే...”

“ఇందాకే చెప్పావుగా.”

“చెప్పానా?”

“చెప్పావు. ఇలా రా. కూర్చో. ఆ రోజు నా తలకి ఏం తగిలింది?”

“నా తలే. ఇద్దరం ఒకే బంతికి ఎగిరాం. అందరూ నీ దగ్గరికే పరిగెత్తారు.”

“నీకూ తగిలిందని ఎవరికీ చెప్పలేదా?”

“నేను పడిపోలేదుగా.”

“పడిపోవక్కర్లేదే. స్పృహ తప్పకపోయినా లోపల దెబ్బ తగలొచ్చని డాక్టరు నాతోనే అన్నారు. తల నొప్పిగా ఉందా?”

“ఉంటే? అక్కకొచ్చిందని దీనికీ వచ్చిందంటారు. చిన్నప్పటి నుంచీ నాకదే పేరు.”

“ఎవరో ఏదో అంటారని... వాంతయిందా?”

“పొద్దున రెండుసార్లు. అమ్మతో అనకు. కుళ్లుకుని నాటకమాడుతున్నానంటుంది.”

“లేవకు, ఇక్కడే నా పక్కన ఉండు. నాన్నా, ఓసారి ఇలా రా. బండి తియ్యి, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నాకు కాదు నాన్నా, చెల్లికి. రెండ్రోజులుగా మనం ఒకరికి బదులు ఇంకొకరిని కనిపెట్టుకుని కూర్చున్నాం.”