ముంజెలు తిన్న రోజు

1962, మే నెల ఎండ. బందరులో, ఉద్యోగాల కోసం పేర్లు నమోదు చేసుకునే ఆఫీసు. కిటికీకి లోపల గుమాస్తా, బయట పాతికేళ్ల యువకుడు.

“గడువు నిన్నటితో అయిపోయిందయ్యా. రెండు నెలలకోసారి వచ్చి కార్డు మీద ముద్ర వేయించుకోవాలని తెలీదా?”

“తెలుసండీ. మూడేళ్లనించీ ఒక్కసారీ తప్పలేదు. నా ముందు ఇంక పదకొండుమందే ఉన్నారని కిందటిసారి మీరే చెప్పారు.”

“చెప్పాను. ఇప్పుడా వరస పోయింది. మళ్లీ మొదటినించి రావాలి. నిన్న అంత ఏం పని పడింది?”

“పనేం లేదండీ. స్నేహితుడు రమ్మంటే ఎదురుమొండి లంకకి వెళ్లాను. వాళ్ల తోపులో ముంజెలు కొట్టించాడు. తిని, ఏట్లో ఈత కొట్టాం. ఒడ్డున పడుకుని కబుర్లు చెప్పుకుంటుంటే పడవ వెళ్లిపోయింది.”

“కార్డు సంగతి గుర్తే రాలేదా?”

“లేదండీ. మూడేళ్లలో ఆ సంగతి మర్చిపోయింది ఆ ఒక్కపూటే.”

“జొరం వచ్చిందని చెప్పొచ్చుగా! డాక్టరు కాగితం తెస్తే ఆఫీసరుగారితో మాట్లాడి చూసేవాణ్ణి.”

“ఇప్పుడు తెమ్మంటారా అండీ?”

“ముంజెల సంగతి నాకు చెప్పేశాక ఇంకెలా తెస్తావయ్యా? ఇదుగో, కొత్త కార్డు. నీ ముందు నాలుగువేల మంది ఉన్నారు.”

“సరేనండీ.”

“అబ్బాయ్, ముంజెలు లేతగా ఉన్నాయా?”

“చాలా లేతగా ఉన్నాయండీ. బొటనవేలు పెడితే నీళ్లు మొహాన చిమ్మాయి.”