వదిన గారి అర్హతలు

ఏదీ, నీ సైన్సు పుస్తకం ఇటు తిప్పు. కళ్ళజోడు నెత్తిమీదే ఉందా? ఉంటే ఉందిలే, నవ్వకు. ఓసి, ఇది సాక్స్‌లెట్టే! గింజల్లో నూనె ఎంతుందో తేల్చే గాజు సామాను. నాకెలా తెలుసంటావేంటే, పెళ్ళికి ముందు నూనెమిల్లు ల్యాబులో మూడేళ్ళు దీన్ని కడిగాను. నన్నక్కడ చేర్పించింది, దీన్ని నడిపే మా పెద్దన్నయ్య భార్య. నువ్వు పుట్టకముందే పోయిందిలే. నేను పొద్దస్తమానం "వదినా, వదినా" అంటుంటే ఆ పిలుపు అందరికీ అంటుకుంది. వాచ్‌మన్‌కీ వదినే, స్టోరుకీపరుకీ వదినే. చివరికి ఆ ఆఫీసరు కూడా... ఆయన సంగతి చెప్తా, ఆగు.

ఈ బొమ్మలో అంతా కదలకుండా ఉంది గానీ, అసలుది చూడాలి. గింజల పొడిని ఈ కాగితం గొట్టంలో కూరతాం. మేం దాన్ని టోపీ అనేవాళ్ళం. కింద బుడ్డిలో ద్రావకం, అదే నూనెని కరిగించే పెట్రోలులాంటిది, వేడెక్కి ఆవిరై పైకి పోతుంది, పైన చల్లబడి చుక్కచుక్కగా పొడిమీద పడుతుంది. నూనెని తనలో కలుపుకుని నిండుతుంది, నిండుతుంది, పక్కన ఈ సన్న గొట్టం ఉంది చూడు, దాని మెడదాకా రాగానే గుటుక్కున మొత్తం కిందికి దిగిపోతుంది. మళ్ళీ మొదలు. వదిన ఎదురుగా స్టూలు వేసుక్కూర్చుని, "కానీ తల్లీ, కానీ, ఆఁ, దిగు!" అని దాన్ని బతిమాలేది. దిగగానే చప్పట్లు. రోజుకి పాతికసార్లు దిగితే పాతికసార్లూ అదే సంబరం. ఆవిడ నవ్వితే పక్క గదిలో గుమాస్తాలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేవాళ్ళు... ఏం చెప్తున్నాను? ఆఁ, ఆఫీసరు.

కాలేజీ నుంచి సరాసరి వచ్చాడు, చొక్కా ఇస్త్రీ ఇంకా నలగలేదు. వదినకి అక్షరమ్ముక్క రాదని తెలిసి, "చదువు రానివాళ్ళు దీనిమీద చెయ్యి వెయ్యకూడదమ్మా. రేపట్నుంచి మీరు కూడా గాజుసామాను కడగండి" అన్నాడు. ఆ రోజంతా చప్పట్లు లేవు. మధ్యాహ్నం మూడింటికి ఆయన గడియారం చూసుకుని, "పుస్తకంలో ఆరు గంటలసేపని ఉంది, తొమ్మిదింటికి పెట్టాం, అయిపోయాయి" అని ఆపేశాడు. వదినకి ఉండబట్టలేదు. "సార్, ఇవాళ కరెంటు నీరసంగా ఉంది. చుక్క బద్ధకంగా పడింది. దిగాల్సినన్ని సార్లు దిగలేదు" అంది. "అంటే, గడియారం అబద్ధం చెప్తోందా?" "అయ్యో, పాపం దానికేం తెలుసు సార్? నూనెని అడుగుదాం" అని, గొట్టం చివర నుంచి ఒక్క చుక్క తీసి తెల్లకాగితం మీద వేసింది. ద్రావకం చూస్తుండగానే ఎగిరిపోయింది. కాగితాన్ని కిటికీకి ఎదురుగా పెడితే, ఇంత నూనె మరక! "పొడిలో ఇంకా నూనె ఉంది సార్. మరక పడనప్పుడు ఆపాలి." ఆయన కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "మా ప్రొఫెసరు ఇది చెప్పనేలేదే వదినా!" అని పకపకా నవ్వేశాడు. మంచివాడే పాపం. మళ్ళీ వేడి పెట్టి, ఇంకో ఎనిమిదిసార్లు దిగాక చూస్తే కాగితం మీద మరకన్నదే లేదు.

ఆ సంబరంలో రిపోర్టు రాస్తూ, "పరీక్షించినవారు" అన్నచోట పేరు బదులు "వదిన" అని రాసేశాడు మహానుభావుడు! అది కాస్తా హెడ్డాఫీసుకి పోయింది. వారం తిరక్కుండా ఉత్తరం: "శ్రీమతి వదిన గారి విద్యార్హతలు వెంటనే తెలియజేయవలెను." మేమందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. వదిన మాత్రం నవ్వలేదే. "అయిపోయింది, ఇక నాకు సబ్బునీళ్ళే" అని స్టూలు దిగి నిలబడింది. ఆఫీసరు ఆవిణ్ణి కూర్చోమని, అక్కడే నిలబడి జవాబు రాసి పైకి చదివాడు: "వదినకు చదువు లేదు. ఈవిడ ఆపమనేదాకా మేమెవరమూ ఆపము." వదిన కళ్ళు తుడుచుకుని ఏమందో తెలుసా? "వాళ్ళు 'వదిన గారు' అన్నారు. మీరు పెట్టలేదేం?" ఆయన ఆ కాగితం చింపేసి, గారు పెట్టి మళ్ళీ రాశాడు. తరవాత పద్దెనిమిదేళ్ళు ఆ స్టూలు మీద ఆవిడ తప్ప ఇంకెవరూ కూర్చోలేదు. వదిన...

ఊఁ. ఎవరో తలుపు కొడుతున్నారు, చూడు.