వదలని ముక్క

ఆదివారం మధ్యాహ్నం భర్త ఫోన్‌లో పేకముక్కల ఆట ఆడుతున్నాడు. చేతులకంటిన దుమ్ము దులుపుకుంటూ భార్య వచ్చి నిలబడింది.

"మళ్లీ ఓడిపోయారా?"

"ఇది తిరకాసు ఆట. ముక్కలు కూడబెడితే ఓడిపోతాం. కట్టంతా వదిలించుకున్నవాడే గెలుస్తాడు."

"అయితే వదిలించుకోండి."

"విరిగిన కత్తి బొమ్మున్న ముక్క ఒకటుంది. ఎప్పుడైనా పనికొస్తుందేమోనని."

"రాకేం, మన అటక మీది మూడుకాళ్ల కుర్చీలాగా. తిరగని ఫ్యాన్లూ, మూతల్లేని డబ్బాలూ కూడా రేపో మాపో యుద్ధానికి పనికొస్తాయి."

"వెటకారం ఆపు. ఈ ఆట గెలవడం ఎవరివల్లా కాదు."

"నేనిప్పుడే గెలిచానే."

"నీ ఫోన్‌లోనూ ఉందా?"

"ఫోనెందుకండీ? మీరు ఆ కత్తి పట్టుకుని ఆలోచిస్తుండగానే పాత సామాన్లవాడు వచ్చి వెళ్లాడు. అటక ఖాళీ."

"కుర్చీ కూడానా?"

"మొదటి ముక్క అదే."