ఏటడుగున నూటెనిమిది వాలుగలు

కృష్ణ అడుగున ఏ చేప ఏ పక్కకు ఒరిగి పండుకుందో చెప్పేటోడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాలల్ల నేనొక్కన్నే. అంటే, చెప్పేది మిషను. అది గూడ మా బావ అరవింద్‌ది. చార్జింగ్ పెట్టింది మాత్రం నేనే.

సోమశిల రేవుల కురుమయ్య చాయ్ బండి కాడ పొద్దుగాల్నే ఈ మాట మొదలువెట్టిన. ఎదురుంగ బక్కయ్య కాక, ఆయన భార్య గురవమ్మ చిన్నమ్మ, ఇద్దరి నడుమ కొత్త వల. కింద నీళ్ల కాడ వాళ్ల పుట్టి, తట్ట లెక్క గుండ్రటి పడవ. పాతది పోయిన నెల అడుగున దేనికో తట్టుకొని చినిగింది. ఇది గూడ పోతే ఈ ఏడు వాళ్లకు ఏటి పని లేనట్టే.

"నిన్న మీ పుట్టి అడిగి తీసుకపోయిన గద కాక, మిషన్ గుండును అంచు మీదికెల్లి నీళ్లల్ల ఏలాడదీసిన. అది కిందికి చప్పుడు పంపుతది, ఆ చప్పుడు దేనికన్న తగిలి మళ్లొస్తే ఫోన్ల గీత పడతది. పడ్డది. వాలుగ. మూరెడుంటది."

"మూరెడేనా?" అన్నడు కురుమయ్య.

"జర ఆగు. ఇంకోటి. మళ్ల ఇంకోటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నూటెనిమిది లెక్కవెట్టిన. అన్నీ మనిషంత పొడుగు, అన్నీ ఇరువై అడుగుల లోతుల, బడిపిల్లల లెక్క వరుస గట్టి, ఒకదాన్నొకటి ముట్టకుంట పోతున్నయి."

కాక గ్లాసు కింద పెట్టి వల భుజానికెత్తుకున్నడు. గట్ల లేస్తడని నేననుకోలే. భయపెడితే ఆగుతడేమోనని ఇంక పెంచిన.

"వద్దు కాక, అవి ఉత్త చేపలు గావు. ఒక్కోటి దున్నపోతంత. ముందర నడిచేదాని మీసాలు పుట్టికంటె పొడుగు. అది ఇక్కడ తోక కొడితే అక్కడ జూరాల గేట్లు కదుల్తయి."

"గట్లయితే ఒక్కటి సాలు. జాగ చెప్పు."

చెప్తే అడుగున తట్టుకొని వల పోతది. చెప్పకుంటే నా మాట పోతది.

చిన్నమ్మ నా దిక్కు తిరిగింది. "తిరుపతీ, తెడ్డు ముందర ఏసినవా, పక్కకేసినవా?"

"పక్కకే."

"ఒక్క పక్కనేనా?"

"కుడి చెయ్యే అలవాటు చిన్నమ్మ."

రేవు మెట్ల మీద కాక ఆగిండు. చిన్నమ్మ నవ్వలే. "గిర్రున ఎన్నిసార్లు తిరిగినవ్ రా?"

"నాకు పుట్టి నడపరాదు," అన్న తల వంచుకొని. "ఉన్నకాడనే తిరిగిన. అంచుకున్న మిషను తిరిగినప్పుడల్ల అడుగున మునిగిన ఒకటే చెట్టు మోడు మీదికెల్లి పోయినట్టుంది. గాలే ఒడ్డుకు తెచ్చింది."

కాక వల దించి పుట్టి దిక్కు పోవట్టిండు.

"అందుల ఇప్పుడే కూసోకు కాక. కండ్లు తిరిగి కక్కుకున్న. ఇంక కడగలే."