మళ్ళీ రండి అనకూడని అంగడి

సుభాషిణి అని ఒక పిల్ల ఉండాదనుకోండి. చెన్నపట్నంలో ఉద్యోగం మానుకోని వచ్చి, మా బస్టాండు కాడ మేడమీద గదిలో ఆపీసు పెట్టింది. డిజిటల్ మార్కెటింగంట. ఏంది పాపా అదీ అంటే, మీ అంగడి సంగతి జనాల ఫోన్లలోకి చేరేస్తా అనింది. మా బజారోళ్ళ సంగతి మీకు తెలిసిందే గదా, పక్కోడు దిగి లోతెంతో చెప్తేగాని కాలు పెట్టరు. టైలరొకడు, టిఫిన్ల హోటలాయనొకడు, ఇద్దరే ఒప్పుకున్నారు. ఇది నిలబడకపోతే మళ్ళీ ఊరొదిలి ఒకరి కింద చేరాల్సిందే, ఆ భయం ఆ పిల్ల మొహంలోనే కనపడతా ఉండేది.

అట్టుంటే, సుబ్బరాయుడు సెట్టి కాడికి పోయింది. సెట్టిది చావు సామాన్ల అంగడి. కొత్తకుండ, తెల్లగుడ్డ, వెదుళ్ళు, అన్నీ ఆడే. "తాతా, పొరుగూరోళ్ళు ఏడస్తా బజారంతా ఎతుక్కుంటా ఉంటారు. మీ అంగడి ఎక్కడుందో, ఫోన్ నెంబరేందో, అంతవరకే పెడతా" అనింది. సెట్టి, సరే పాపా, కానీ ఒకటి, మేము వచ్చినోడిని రా అనం, పోయేవోడిని మళ్ళీ రా అనం, మా నాయన కాణ్ణుంచి అంతే, అన్నాడంట. అట్నే తాతా అనింది. ఏమైందంటే, ఏ అంగడికి ఫోన్ చేసినోళ్ళకైనా మర్నాడు అదంతట అదే ఒక కబురు పోయేటట్టు పెట్టి ఉండాది ఆ పిల్ల. టైలరుకీ అదే, హోటలుకీ అదే. సెట్టి అంగడికి దాన్ని తీసేయడం మర్చిపోయింది. ఇంతలో ఇళ్ళు కట్టే బేల్దారి మాలకొండయ్య పెళ్ళాం పోయింది. పాపం, సెట్టికి ఫోన్ చేసి సామాన్లు తెప్పించుకున్నాడు. మర్నాడు, కాష్టం ఇంకా ఆరలా, ఆయన ఫోను మోగింది. 'మా అంగడికి వచ్చినందుకు సంతోషం. త్వరలో మళ్ళీ రండి.'

ఆయన అరవలేదబ్బా. అరిచినా బాగుండేది. ఫోను తెచ్చి సెట్టి ముందర పెట్టి, "సెట్టీ, నాకింక మిగిలింది ఒక కూతురే. ఎవరి కోసం రమ్మంటావు నన్ను?" అన్నాడంట. అది ఎవరి పనో సెట్టికి తెలిసిపోయింది. అయినా ఆ పిల్ల పేరు ఎత్తలా. అంగడి నాది, తప్పు నాదే అని దండం పెట్టినాడు. బజారంతా మూగింది. ఆ పిల్ల మేడమీదనే నోరు మూసుకోని కూర్చునుంటే ఎవరికి తెలుసు? మెట్లు దిగొచ్చి, అందరి ముందరా, "రాసింది నేను పెద్దనాయనా. తాత వద్దన్నా మర్చిపోయినా" అని ఆయన కాళ్ళకాడ కూలబడింది. ఆయన ఫోను తీసుకోని లేచి పోయినాడు. హోటలాయన ఆడికాడే, నా హోటలు సంగతీ ఫోన్లలోంచి తీసెయ్ తల్లీ అనేసినాడు. టైలరూ అంతే.

పెళ్ళికి పిలిస్తే పోవాల, చావుకి పిలవకపోయినా పోవాల, గదా. ఆ పిల్ల మాలకొండయ్య ఇంటికి పోయింది. గెంటేస్తారేమో అనుకుంటానే పోయి, ఒక మూల కూర్చునింది. మాలకొండయ్య ఆ పిల్లని చూసి, పాపా, పెద్దకర్మ కబురు మావోళ్ళ ఫోన్లకి పంపాల, నాకు చదవనొస్తాదిగాని రాయను రాదు, నువ్వు రాస్తావా, అన్నాడంట. ఆ పిల్ల ఫోను తీసి, మళ్ళీ పక్కన పెట్టేసింది. "పెద్దమ్మ ఎట్టుండేది, చెప్పు పెద్దనాయనా" అనింది. అప్పటిదాకా ఏడవని మనిషి, ఆ మాటకి పైగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకోని ఏడ్చినాడు. ఆమె ఇటుకలందిస్తా ఉంటే ఈయన గోడ కట్టేవాడంట, ఈ ఊళ్ళో సగం ఇళ్ళు అట్టా లేచినయ్యే. ఆ పిల్ల అదే రాసింది. 'మీ గోడలకి ఇటుకలందించిన నారాయణమ్మ పోయింది.' అంతే, ఇంకేం రాయలా. ఆ కబురు చుట్టాల ఫోన్లనించి బజారోళ్ళ ఫోన్లకీ పాకింది, పెద్దకర్మకి ఎంత జనం వచ్చినారనుకున్నారు! చుట్టాల కంటే బజారే ఎక్కువ. నేనూ పోయినా. మా ఇంటి గోడా ఆమె చేతిదే, ఆ పొద్దుదాకా నాకు తట్టనే లేదు.

ఆపీసంటారా, ఉండాది. హోటలాయన పెద్దకర్మ కాణ్ణే, మళ్ళీ రాసిపెట్టు తల్లీ అని అడిగినాడు. ఇప్పుడా పిల్ల ఏ అంగడికైనా సరే, పొద్దంతా ఆడ కూర్చోని చూడందే ఒక్క ముక్క రాయదు. నా బజ్జీల బండికాడ కూర్చోని పొగకి దగ్గతా ఉంటే, పో తల్లీ అన్నా పోదే!