ముందొకటి, వెనకొకటి

వీధి వీధంతటికీ వైరింగు చేసి, అందరిచేతా కరెంటు బాబాయి అనిపించుకొన్న పెద్దమనిషి సెలూన్ కుర్చీని అధిష్ఠించాడు. మెడచుట్టూ కప్పిన తెల్లని వస్త్రంతో ఆయన ముఖంలో పట్టాభిషిక్తుని ప్రసన్నత తాండవించింది. ఎదుటి బెంచీ మీద దర్జీ దిగులుగా ఉన్నాడు. లయ తప్పిన అతని గుండెకు షాకిచ్చి దారికి తెస్తామని వైద్యులు మరునాడు రమ్మన్నారు. ఆ నొప్పి తాను భరించలేననీ, వెళ్ళేది లేదనీ అతడు అప్పుడే తేల్చి చెప్పాడు.

"వెళ్ళిరావోయ్," అన్నాడు బాబాయి, "నాకు తెలియని వ్యవహారమా? పోయిన వారం ఆసుపత్రికి వైరింగు చూడ్డానికి వెళ్ళాను. లోపలొక పెద్దమనిషి గుండె నీ గుండెలాగే గంతులేస్తోంది. షాకిచ్చే ప్యాడ్లు రెండూ ఛాతీవైపే అంటించారు, కుడి కాలరు ఎముక కింద ఒకటి, ఎడమ చంక కింద ఒకటి. షాకిచ్చారు, గుండె వినలేదు. అప్పుడు నేనేమన్నానో తెలుసా? అయ్యా, ఒకటి ముందు పెట్టండి, ఒకటి వెనక వీపు మీద రెక్క ఎముక పక్కన పెట్టండి, గుండె నడుమ చిక్కుతుంది, ఇక కరెంటుని తప్పించుకుని ఎక్కడికి పోతుంది అన్నాను. పెద్ద డాక్టరు తన కోటు విప్పి నాకు తొడిగేశాడు."

"కొలత సరిపోయిందా?" అన్నాడు దర్జీ.

"నాకోసమే కుట్టినట్టుంది. మీట నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పెద్దమనిషి గుండె దారికొచ్చింది, ఆయనదొక్కటేనా, పక్క గదిలో ఇద్దరివి, కింద మందుల షాపువాడిది, వీధిలో పోతున్న గుర్రానిది కూడా. పదేళ్ళుగా ఆగిన గోడగడియారం నడిచింది. ఈ వారమంతా రైళ్ళు ఆయన నాడి చూసుకునే బయల్దేరుతున్నాయి."

క్షురకుడు కత్తెర ఆపాడు. మెడ వెనుక వెంట్రుకలు దులపడానికి కాలరు వెనక్కి లాగినవాడు, అలాగే వంగి లోపలికి చూశాడు. ఎడమ రెక్క పక్కన, వీపు మీద, ఒక వంకర నలుచదరం మేర వెంట్రుక లేదు.

"బాబాయ్," అన్నాడు నెమ్మదిగా, "ఇది నా చేతిపని కాదు. ప్యాడ్ అంటడానికి గొరిగారా? ముందు, ఛాతీ మీద కూడా ఇలాగే ఉందా?"

బాబాయి అద్దంలోకి చూశాడు. అందులో దర్జీ ఆయననే చూస్తున్నాడు.

"ఆ పెద్దమనిషివి నువ్వేనన్నమాట," అన్నాడు దర్జీ. నవ్వలేదు. "నొప్పి పుట్టిందా, బాబాయ్?"

బాబాయి కాలరు పైకి లాక్కున్నాడు. "తెలియదురా అబ్బాయ్. మత్తిచ్చి పది దాకా లెక్కపెట్టమన్నారు. మూడు దగ్గరే నిద్రపోయాను. లేచేసరికి అయిపోయింది."

దర్జీ చొక్కా పై గుండీ విప్పుతూ క్షురకునితో అన్నాడు:

"తర్వాతి వంతు నాదేగా. ముందూ వెనకా నువ్వే గొరిగిపెట్టు. రేపు ఆసుపత్రివాళ్ళకి వదిలితే, బాబాయి వీపులా వంకర పోతుంది."